‘ఫ్లాటు నువ్వే ఉంచుకో’ అంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల పాప నా దగ్గరే ఉంది. ఏడాదిన్నరగా విడిగా ఉంటున్నాం. ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకుందామనుకుంటున్నాం. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, చేతికి 42 వేలు వస్తుంది. ఆయనకు లక్షా పది వేలు. ఇద్దరి పేరా ఉన్న ఫ్లాటు ఇప్పుడు 56 లక్షలు పలుకుతోంది. లోను ఇంకా 31 లక్షలుంది, ఈఎంఐ 30,500. ‘ఫ్లాటు నువ్వే ఉంచుకో, ఈఎంఐ కట్టుకో, ఇక భరణం అడగొద్దు’ అంటున్నారు. పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటే చాలంటున్నారు మావాళ్లు. నా నగలు అత్తగారి లాకరులో ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడున్న రూపంలో ఒప్పుకోవద్దు. మీవాళ్లకు సొంతిల్లు కనిపిస్తోంది, నాకు లోను కనిపిస్తోంది.

56 లక్షల్లో అప్పు తీసేస్తే మిగిలేది 25 లక్షలు. అందులో సగం ఎలాగూ మీదే. అంటే ఆయన వదులుకుంటున్నది పన్నెండున్నర లక్షలు. దానికి బదులుగా మీరు జీవితకాల భరణం వదులుకుని, 31 లక్షల అప్పు నెత్తిన పెట్టుకుంటున్నారు. ఈఎంఐ పోగా చేతిలో మిగిలేది 11,500. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, పాప స్కూలు ఫీజు, బస్సు, కిరాణా అన్నీ అందులోంచే రావాలి. రెండో నెలకే క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది.

ఇంకో చిక్కుంది. కోర్టు డిక్రీలో, అంటే విడాకుల తుది ఉత్తర్వులో ఏం రాసుకున్నా బ్యాంకుకు సంబంధం లేదు. లోను కాగితం మీద రెండు సంతకాలున్నంత కాలం ఇద్దరూ బాకీదారులే. మీరు ఒక నెల ఆలస్యం చేస్తే ఆయన సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కడుతున్నారా అని చూపే మార్కు) కూడా పడిపోతుంది, మళ్లీ ఫోన్లు, మళ్లీ గొడవ. పోనీ లోను మీ ఒక్కరి పేరుకు మార్చమని అడిగితే, 42 వేల జీతానికి 30,500 ఈఎంఐ అంటే బ్యాంకు ఒప్పుకోవడం కష్టం.

నేనైతే ఇలా అడగమంటాను. భరణం నెలనెలా కాకుండా ఒకేసారి తీసుకోండి. అందులో 13 లక్షలు నేరుగా లోను ఖాతాలో కట్టించండి. బాకీ 18 లక్షలకు దిగుతుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద పదిహేనేళ్లకు ఈఎంఐ సుమారు 17,700. అప్పుడు లోను మీ పేరుకు మార్చమని అడిగే వీలుంటుంది. బ్యాంకు అనుమతితో ఆయన తన సగం వాటాను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీకు రాసివ్వాలి. ఈ రెండూ ఎప్పటిలోగా జరగాలో తేదీతో సహా విడాకుల ఒప్పందంలోనే ఉండాలి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే ఫ్లాటు అమ్మేసి చెరిసగం పంచుకోండి, భరణం విడిగా మాట్లాడుకోండి. అద్దె ఇంట్లో ఉండటం నామోషీ ఏమీ కాదు.

ఉద్యోగం ఉంది కాబట్టి భరణం రాదని ఎవరైనా అంటే నమ్మకండి. మీ జీతాన్ని లెక్కలోకి తీసుకుంటారు, అంతే. సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. పాప ఖర్చు సంగతి వేరు. అది పాప హక్కు, మీరు సంతకం పెట్టి వదిలేసేది కాదు. ఫీజులు ఏటా పెరుగుతాయి కాబట్టి, ఆ మొత్తం కూడా ఏటా ఇంత శాతం పెరగాలని రాయించండి. అన్నట్టు, ఒకేసారి వచ్చే భరణం మీద సాధారణంగా పన్ను ఉండదు. నెలనెలా వచ్చేది మాత్రం మీ ఆదాయంలో కలుస్తుంది.

నగల విషయంలో మొహమాటం వద్దు. పుట్టింటివాళ్లు పెట్టినవైనా, అత్తింటివాళ్లు మీకు పెట్టినవైనా అది స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి, లాకరు ఎవరిదైనా సరే. పెళ్లి ఫొటోలు ముందేసుకుని, హారం, వంకీ, వడ్డాణం అంటూ ఒక్కొక్కటీ ఎన్ని కాసులో రాయండి. బిల్లులుంటే జతచేయండి. పసుపు కుంకుమల కింద మీ నాన్నగారు మీ పేరున స్థలం గానీ పొలం గానీ రాసిచ్చి ఉంటే అదీ మీదే. అది అమ్మి లోను తీర్చుదామన్న మాట రానివ్వకండి.

పెద్దమనుషుల కాగితం సర్దుబాటుకు పనికొస్తుంది గానీ, దాంతో విడాకులు వచ్చినట్టు కాదు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయాలి. ఏడాది విడిగా ఉండాలన్న షరతు మీకు తీరిపోయింది. పిటిషన్ వేశాక, రెండోసారి కోర్టుకు వెళ్లి ఒప్పుకోలు చెప్పడానికి ఆరు నెలల గడువుంటుంది. అన్నీ తేల్చుకున్నవారికి కోర్టు దాన్ని మినహాయించే వీలుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో విడత కోర్టుకు వెళ్లేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, కాబట్టి డబ్బు చేతికి అందకముందే అంతా ముట్టినట్టు సంతకం పెట్టకండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు.

ఇక మీరూ పాపా ఆయన కంపెనీ మెడిక్లెయిమ్‌లో ఉంటే, డిక్రీ వచ్చాక మీ పేరు తీసేస్తారు, పాప పేరు ఉండొచ్చు. బీపీ, థైరాయిడ్ లాంటివాటికి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొంతకాలం వాటికి క్లెయిమ్ రాని గడువు) ఉంటుంది కాబట్టి సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. మీ పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో నామినీగా ఎవరున్నారో కూడా ఒకసారి చూసుకోండి.