స్కాన్‌లో డిస్క్ ఉబ్బిందంటే ఇక వంగకూడదా?

ప్రశ్న: మేడమ్, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. ఏడాది దాటింది, నడుం నొప్పి వదలడం లేదు. శ్రీకాకుళంలో ఎమ్మారై తీయిస్తే డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బిందన్నారు. అప్పట్నించి నాట్లకు వెళ్లడం, బిందె ఎత్తడం, వంగడం అన్నీ మానేశాను. మావారు ఏదీ ముట్టుకోనివ్వరు. టెన్షన్ తగ్గించుకోమని డాక్టరుగారు అన్నారని తెలిసి మా ఆడపడుచు ఇదంతా నాటకం అంటోంది.
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: నాటకం కాదమ్మా, మీ నొప్పి నిజం. ముందు ఒకటి చూసుకోండి: మూత్రం, విరేచనం అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.

అవేవీ లేకపోతే ఆ రిపోర్టు చూసి అంత భయపడక్కర్లేదు. నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది, అందులో 40 ఏళ్ల వాళ్లలో సగం మందికి డిస్క్ ఉబ్బే ఉంది, వాళ్లకేమో నొప్పి లేదు!

మరి మీకెందుకు తగ్గడం లేదు? నెలల తరబడి నొప్పి ఉంటే నాడులు, మెదడు అతిగా స్పందించడం మొదలుపెడతాయి, ఎండకు కమిలిన చర్మం మీద గోరువెచ్చని నీళ్లు పడ్డా మంట పుట్టినట్టు. వంగితే ఏదో విరిగిపోతుందన్న భయంతో కదలడం మానేస్తాం, కండరాలు బలహీనమవుతాయి, నిద్ర చెడుతుంది, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. డాక్టరుగారు టెన్షన్ మాట ఎత్తింది ఇందుకే అయ్యుంటుంది, మీరు నటిస్తున్నారని కాదు. భయం పోగొడుతూ కదలిక నేర్పే పద్ధతిని ఆస్ట్రేలియాలో 492 మంది మీద పరీక్షిస్తే మామూలు వైద్యం కన్నా పనులు చేసుకోగలగడం బాగా మెరుగుపడింది, ఆ ఫలితాలు 2023లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. నాకు బాగా నచ్చింది మాత్రం మరుసటి ఏడాది వచ్చిన నడక పరిశోధన. నొప్పి తగ్గినవాళ్లు ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడక పెంచుకుంటూ పోతే, అది మళ్లీ తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, ఆ సలహా అందనివాళ్లకు 112 రోజులే.

మీరు రేపు పొద్దున్నే పది నిమిషాలు నడవండి. కాస్త నొప్పి వస్తే కంగారు పడకండి, రాత్రికి మామూలుకొస్తే మర్నాడూ అంతే నడవండి, వారం తర్వాత కొంచెం పెంచండి. రోజూ కొన్నిసార్లు నెమ్మదిగా వంగి లేవండి, దీన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చూపించుకుని మొదలుపెడితే మరీ మంచిది. నాట్ల సంగతి తర్వాత చూద్దాం. మీవారికీ ఇది చదివి వినిపించండి, పెద్ద బిందె ఆయనే మోయనీ, సగం నింపిన చిన్న బిందె మాత్రం మీకు వదిలెయ్యమనండి.