ఎంవోయూలు లెక్కపెట్టొద్దు, పని నేర్పినాయన్ని అడగండి

కంపెనీలతో కాలేజీలు చేసుకునే ఇంటర్న్‌షిప్ ఒప్పందాలు, అంటే ఎంవోయూలు, బాగున్నాయో లేదో ఎట్లా తేల్చాలని అడిగారు. నేను కడపలో ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివినవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

మూడో ఏడాది వేసవిలో మా కాలేజీ నలుగురిని ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి ఆరు వారాలు పంపింది. రెండు వారాలు సేఫ్టీ వీడియోలు చూశాం, పాత బ్యాచ్ రిపోర్టు చూసి రాసుకున్నాం. మూడో వారం ఎలక్ట్రికల్ షాపులోని ఒక అన్న, "కూసుంటే ఏమొస్తాదబ్బీ, నా యెంట రా" అన్నాడు.

కన్వేయర్ మోటారు ట్రిప్ అయి ఆగిపోయింది. ఆయన సప్లై తీసేసి, ట్యాగ్ కట్టి, టెర్మినల్ బాక్సు విప్పి మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టాడు. "ఎంత సూపియ్యాల?" అన్నాడు. మోటారు వోల్టేజీని కిలోవోల్టుల్లో తీసుకుని ఒకటి కలిపితే కనీసం ఉండాల్సిన మెగాఓమ్‌లు వస్తాయి కాబట్టి 415 వోల్టుల మోటారుకు 1.4 మెగాఓమ్‌లు చాలని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. "అది చావుబతుకుల లెక్క. మంచి మోటారుకు వందల్లో వస్తాది" అన్నాడు. ముల్లు ఒకటి దాటలేదు. నేను వైరు తీయబోతే చేతి మీద ఒక్కటేశాడు. "ముందు ఎర్త్‌కు తాకియ్యి!" టెస్టు చేశాక వైండింగులో (మోటారు లోపలి తీగ చుట్టలో) చార్జ్ నిలిచి ఉంటుందని నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. చేతికి మాత్రం తెలియలేదు. తేమ పట్టిన ఆ మోటారును రాత్రంతా బల్బుల వేడితో ఆరబెట్టారు. తెల్లారి ముల్లు పైకి లేస్తుంటే చూడాలి!

మా గైడు సార్ వచ్చింది ఒక్కసారే. బ్యానర్ కట్టించి, ఫొటో దిగి వెళ్లిపోయారు. నలుగురికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. మాలో ఎవరికి పని వచ్చిందో తెలిసిన ఆ అన్నను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నా కోపమంతా అక్కడే. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం ఎంవోయూలు ఫైలులో పేర్చడానికి మాత్రం మనుషులు దొరుకుతారు.

ఇంకో బాధ ఖర్చులు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద అప్రెంటిస్‌కైతే స్టైపెండ్ ఇవ్వాల్సిందే. ఇంటర్న్‌కు ఆ హక్కు లేదు, బస్సు చార్జీ కూడా మా నాన్నే ఇచ్చాడు. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీకీ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మా జిల్లాలో అంతమందికి చోటెక్కడుంది? డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు నాకే తెలుసు.

కాబట్టి సగం మార్కులు పని నేర్పిన మనిషి చేతిలో పెట్టండి. పిల్లవాడు ఏ పనిముట్టు పట్టాడో, ఏం తప్పు చేశాడో ఆయనతో ఒక పేజీ రాయించండి, తెలుగులోనే. తర్వాత ఏడాది అదే షాపువాళ్లు మళ్లీ అదే కాలేజీ పిల్లలను అడిగారా అని ఫోన్ చేసి కనుక్కోండి.