చూపు లేని తమ్ముడు యాక్సెసిబిలిటీ టెస్టింగ్‌ని నమ్ముకోవచ్చా?

"తమ్ముడికి చూపు లేదు. హన్మకొండలో డిగ్రీ అయిపోయింది. ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. వాడేమో యాక్సెసిబిలిటీ టెస్టింగ్ నేర్చుకుంటానంటున్నాడు. నమ్ముకోవచ్చా?" అని మీరు అడిగారు.

నమ్ముకోవచ్చు. ఏడేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే: వెబ్‌సైట్లు, యాప్‌లు చూపు లేనివాళ్లలాంటి వికలాంగులు కూడా వాడగలిగేలా ఉన్నాయో లేదో పరీక్షించడం. మొదటి రెండేళ్లు హైదరాబాద్‌లో, తర్వాత కాజీపేటలో ఇంటి నుంచే. నాకూ చూపు లేదు.

పదో తరగతి దాకా కొంచెం కనిపించేది. డిగ్రీ మూడో ఏడుకి వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఏడే ఒక ఉద్యోగ పరీక్షకు అప్లికేషన్ పెట్టాలి. చివరి తేదీ, రాత్రి పదిన్నర అయింది. బాపు నైట్ డ్యూటీకి పోయాడు. ఇంట్లో నేను, అమ్మ. ఫారం మొత్తం స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, నేనే నింపాను. చివర్లో క్యాప్చా వచ్చింది. అక్షరాలన్నీ ఒక బొమ్మలో ఉంటాయి కాబట్టి కంప్యూటర్ 'గ్రాఫిక్' అని ఊరుకుంది. విని టైప్ చేసే ఆప్షన్ లేదు.

అమ్మను పిలిచాను. అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

"ఏం రాసుందమ్మా?"

"ఇంగ్లిషు కదా బిడ్డా, నాకేం ఎరుక?"

"ఎట్లుందో చెప్పు."

"మొదటిది కొడవలి లెక్కుంది. పక్కది నిచ్చెన, ఒక్కటే మెట్టు."

నిచ్చెన అంటే హెచ్ అని అర్థమైంది. కొడవలి సీనా, జీనా? అమ్మ నా అరచెయ్యి పట్టుకుని ఒక్కో అక్షరం వేలితో గీసింది. టైప్ చేస్తే తప్పన్నది. కొత్త బొమ్మ వచ్చింది, మళ్లీ గీసింది. ఈసారి టైం అయిపోయిందని వెబ్‌సైట్ నన్ను మొదటి పేజీకి తోసేసింది. మళ్లీ అంతా నింపి అక్కడికి వచ్చేసరికి పన్నెండు దాటింది.

తనకు చదువు రాకపోవడం వల్లే నా అవకాశం పోయిందని అమ్మ ఏడ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆమె తప్పేముంది? తప్పు ఆ పేజీ తయారు చేసినవాళ్లది. క్యాప్చాకు ఇంకో దారి ఇవ్వాలని, గడువు ముగిసేలోపు హెచ్చరించి టైం పెంచుకోనివ్వాలని డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో 2008 నుంచే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. నిద్ర పట్టక, ఎక్కడెక్కడ ఆగిపోయానో వరసగా రాసి వాళ్లకు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

రెండేళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో "ఇంతకుముందు ఏదైనా టెస్ట్ చేశావా?" అని అడిగితే ఆ మెయిలే చదివి వినిపించాను. ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. కన్ను ఆర్పి చూపమనే కేవైసీ మీద కోర్టుకు వెళ్తే, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకులకూ యాప్‌లకూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఇక ముందు ఇంకా ఎక్కువ కావాలి.

కానీ నాకు అసలు కోపం తెలుగు దగ్గర. నోటిఫికేషన్లను ఇప్పటికీ 'అను' అనే పాత ఫాంట్లలో టైప్ చేసి పీడీఎఫ్ పెడతారు. అవి యూనికోడ్ కావు, అంటే స్క్రీన్ రీడర్ తెలుగుగా గుర్తుపట్టే అక్షరాలు కావు. కంటికి చక్కటి తెలుగే, నా చెవికి మాత్రం అర్థం లేని గుర్తుల వరస. స్కాన్ చేసి పెడితే అది కూడా వినిపించదు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ఒక్క ముక్క రాయరు, స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తడబడుతుంది. ఊళ్లో చావు కబురు కూడా వాట్సాప్‌లో బొమ్మగానే వస్తుంది. బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చున్న టెస్టర్‌కి ఇవేవీ పట్టవు. తెలుగు వచ్చినవాళ్లే పట్టుకోవాలి. అందుకే మీ తమ్ముణ్ణి తెలుగు వదలొద్దనండి.

నేర్చుకోవడానికి ఖర్చేం లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా అబ్బాయి మైకేల్ కరన్‌కీ చూపు లేదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ గట్టిగా పట్టమనండి, తర్వాత ఏరియా (ARIA), అంటే పేజీలో ఏది ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే కోడ్. సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే డబ్బు కట్టొద్దు, పని చేస్తూ తీసుకోవచ్చు. చూపు లేని మనవాళ్లను టెస్టింగ్‌లో కూర్చోబెట్టి కోడింగ్ వేరేవాళ్లకు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అక్కడ చేరినా తప్పు లేదు, కానీ అక్కడే ఆగిపోవద్దు. తప్పు చూపించడమే కాదు, దిద్దడం కూడా రావాలి. "పాపం, ఏదో ఒకటి ఇద్దాం" అని ఇచ్చే ఉద్యోగం మీద నాకు నమ్మకం లేదు.

ఇవాళ రాత్రి మీ తమ్ముణ్ణి ఏదో ఒక అప్లికేషన్ ఫారం ఒంటరిగా నింపమనండి. మీరు పక్కన కూర్చుని సాయం చేయొద్దు. ఆగిన ప్రతిచోటా మూడు ముక్కలు రాసుకోవాలి: ఏం నొక్కాడు, ఏం వినిపించింది, ఏం వినిపించాల్సింది. అలాంటివి పది పోగయ్యాక ఇంటర్వ్యూకి పంపండి.