ఇటలీలో జనం తొక్కిడి లేని ఊరు కావాలంటే: అస్కోలి పిచేనోలో మేమున్న పన్నెండు రోజులు

అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నామని, రోమ్, వెనిస్ క్యూలు వాళ్ల వల్ల కాదని, పెద్దగా ఎవరూ వెళ్లని ఊళ్లో ఒకేచోట పది రోజులు ఉండాలని, అమ్మగారు శాకాహారి అని రాశారు. రెండేళ్ల కిందట సరిగ్గా ఇదే లెక్కతో మేం వెళ్లొచ్చాం. నేనుండేది స్టుట్‌గార్ట్‌లో, అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. మేం ఉన్న ఊరు అస్కోలి పిచేనో. మీకూ అదే చెప్తాను.

అంతకంటే ముందు మేం చేసిన పొరపాటు చెప్పాలి. మొదటి మూడు రోజులకి ఫొటోలు చూసి ఒక కొండపల్లెలో ఇల్లు తీసుకున్నాం. చూడ్డానికి బొమ్మలా ఉంది, కానీ ఏ వీధి చూసినా మెట్లే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆదివారం బస్సు లేదు, ఉన్న ఒక్క కొట్టూ మధ్యాహ్నానికల్లా మూసేశారు. ఆ రాత్రి బ్రెడ్డు, రెండు టమాటాలు, గుంటూరు నుంచి తెచ్చిన కందిపొడితో గడిపాం. నాన్న ఏమీ అనలేదు గానీ, కిటికీలోంచి చూసి "ఇక్కడ మనుషులేరమ్మా?" అని అడిగారు. సగం ఇళ్లు వేసవిలో మాత్రమే తెరిచేవట. అందుకే తెలియని ఊరంటే మరీ చిన్న పల్లెకు పోకండి. బడి, ఆస్పత్రి, సంత, రైల్వే స్టేషన్ ఉండి, మనం వచ్చినా రాకపోయినా తన బతుకు తాను బతికే ఊరు చూసుకోండి.

అస్కోలి అలాంటి ఊరు. మధ్య ఇటలీలోని మార్కె ప్రాంతంలో, ట్రోంటో, కస్తెల్లానో నదులు కలిసే చోట ఉంటుంది. జనాభా దాదాపు 45 వేలు. పాత ఊరు చాలావరకు చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు హాయిగా నడవచ్చు. ఊరంతా ట్రావెర్టీన్ అనే లేత రంగు రాయితోనే కట్టారు, ఇళ్లూ, గుళ్లూ, కిందపరిచిన బండలూ కూడా. పియాత్సా దెల్ పోపొలో అనే నడిబొడ్డు చౌకులో ఆ బండలు వందల ఏళ్ల నడకకి అరిగి నున్నబడిపోయాయి. మేం దిగిన సాయంత్రం వాన పడి వెలిసింది. మండపాల దీపాలన్నీ ఆ తడిబండల మీద కనబడుతుంటే అమ్మ చెప్పులు విడిచి నడుస్తానంది. రోజూ ఆరు దాటాక ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. ముసలివాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతారు, పిల్లలు బంతి ఆడతారు. మూడో రోజుకల్లా నాన్నకి ఇద్దరు పెద్దమనుషులు పరిచయమైపోయారు. ఆయనకి ఇటాలియన్ రాదు, వాళ్లకి తెలుగు రాదు, అయినా మేం వెళ్లేదాకా రోజూ ఒకే అరుగు మీద కూర్చునేవారు.

ఆ చౌకు పక్కనే సాన్ ఫ్రాంచెస్కో చర్చి. దాని ప్రధాన ద్వారానికి రెండు వైపులా సన్నటి రాతి స్తంభాలున్నాయి. అరచేత్తో గట్టిగా రుద్దితే మోగుతాయి. హంపి విఠలాలయంలో సంగీత స్తంభాల గురించి విన్నవాళ్లం కదా, నాన్న అక్కడినుంచి ఓ పట్టాన కదల్లేదు. చర్చి పక్కనున్న మండపాల ఆవరణని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ 'పియాత్సా దెల్లా వెర్దూరా' అనే అంటారు, అంటే కూరగాయల చౌకు. ఊరి చిత్రశాలకీ ఒక పూట కేటాయించండి. ఇదే ప్రాంతంలో పుట్టిన పోప్ నాలుగో నికొలస్ 1288లో ఇక్కడి ప్రధాన చర్చికి కానుకగా ఇచ్చిన పూజావస్త్రం అక్కడుంది. పట్టు, బంగారు దారాలతో ఇంగ్లండులో కుట్టింది. 1902లో దాన్ని ఎవరో దొంగిలించారు. చేతులు మారి అమెరికా బ్యాంకరు జె.పి. మోర్గన్‌కి చేరితే, దొంగసొత్తని తెలిశాక ఆయన తిరిగిచ్చేశాడు. అమ్మ ఒకప్పుడు మగ్గం పని చేసేది. అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో కుట్టూ చూసింది.

మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు అరవై దాటిన మనిషి, మా కింద వాటాలోనే ఉండేది. ఆమె కిటికీలో బేసిల్ కుండీ చూసి అమ్మ "తులసా?" అని అడిగింది. ఫోన్లో అనువాదం పెట్టుకుని ఆమె చెప్పిన కథ ఇదీ. ఊరి రక్షక సాధువు సంత్ ఎమిదియో. భూకంపాల నుంచి కాపాడతాడని నమ్మకం. 1703లో చుట్టుపక్కలంతా కూలినా ఈ ఊరు నిలిచిందట. ఆయన పండుగ ఆగస్టు 5న, ఆ రోజు బేసిల్ మొక్కలకి చర్చిలో ఆశీర్వాదం చేయిస్తారట. తర్వాత 2016 ఆగస్టు 24 గురించి చెప్పింది. అదే లోయలో పైనున్న అర్క్వాతా దెల్ ట్రోంటో అనే ఊరు ఆ రాత్రి భూకంపానికి తీవ్రంగా దెబ్బతింది. తాము ఇల్లొదిలి కారులో పడుకున్న రాత్రులు చెబుతూ ఆగిపోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఊళ్లో ఏదైనా గోడకి ఆసరా కర్రలు కనిపిస్తే విసుక్కోకండి, దాని వెనక ఇంత ఉంది.

ఇక తిండి. ఇక్కడ పేరుమోసింది ఓలివె అల్లస్కొలానా. పెద్ద ఆలివ్‌ని గింజ చుట్టూ చాకుతో గుండ్రంగా, తెగకుండా రిబ్బనులా కోసి, ఆ రిబ్బనుని కూరిన ముద్ద చుట్టూ మళ్లీ ఆలివ్ ఆకారంలో చుట్టి, పిండి, గుడ్డు, రొట్టెపొడిలో పొర్లించి వేయిస్తారు. కూరేది మాంసం! పైకి మన బోండాలా అమాయకంగా కనిపిస్తుంది, అమ్మగారికి ముందే చెప్పండి. మా ఇంటి యజమానురాలు అమ్మ కోసం చీజ్, కూరగాయలు పెట్టి ఓ పన్నెండు చేసిచ్చింది. హోటల్లో "సెన్సా కార్నే, సెన్సా పేషే" (మాంసం లేకుండా, చేప లేకుండా) అంటే సరిపోదు, సూప్ అన్నా, రిసోత్తో అనే అన్నం వంటకం అన్నా "సెన్సా బ్రోదో ది కార్నే" అని కూడా అడగాలి, మాంసం ఉడికించిన నీళ్లు పోస్తుంటారు. పర్మిజానో చీజ్‌లో దూడ కడుపులోంచి తీసే పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్లయితే అదీ వద్దనాలి. వంటిల్లున్న ఇల్లే తీసుకోండి. మేం పొద్దున ఉప్మా, రాత్రి పప్పన్నం వండుకుని, మధ్యాహ్నం మాత్రం బయట తిన్నాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాలా కొట్లు మూసేస్తారు, హోటళ్లలో రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకదు. సరుకులు పొద్దున్నే తెచ్చిపెట్టుకోండి. కొట్లోకి అడుగుపెడుతూనే "బోన్ జోర్నో" అనడం మరవకండి, ఆ ఒక్క మాటకే మొహాలు విప్పారేవి.

రోమ్ నుంచి బస్సులో మూడు గంటలు. పాత సలారియా దారి అది, ఒకప్పుడు ఉప్పు రవాణా అయిన దారి. బొలోన్యా వైపు నుంచి రైల్లో వస్తే సాన్ బెనెదెత్తో దెల్ ట్రోంటోలో మారాలి, అక్కణ్ణుంచి దాదాపు 40 నిమిషాలు. ఆ సాన్ బెనెదెత్తోకి ఒక రోజు సముద్రం చూడ్డానికి మళ్లీ వెళ్లండి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మిషన్లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే జరిమానా. కారు అద్దెకి తీసుకుంటే పాత ఊళ్లోకి నేరుగా వెళ్లిపోకండి, లోపలికి అనుమతి ఉన్న బళ్లే వెళ్లాలి. ఎక్కడ ఆపాలో ఇంటివాళ్లని ముందే అడగండి.

మేం వెళ్లింది సెప్టెంబరు చివర్లో, ఎండ మెత్తగా ఉంది. ఆగస్టు మొదటి ఆదివారం క్వింతానా అని గుర్రాల పోటీ, పాతకాలపు వేషాలతో ఊరేగింపు ఉంటుంది, ఆ వారం మాత్రం ఊరు కిటకిటలాడుతుంది. మీ తేదీలు ఏ నెలలో పడుతున్నాయో రాయండి, ఇల్లు ఏ వీధుల్లో చూసుకుంటే అమ్మగారికి నడక తగ్గుతుందో చెప్తాను.