రెండు నెలల జీతం ఆపారు, పీఎఫ్ కట్టలేదు, సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు: ఎక్కడ ఏం రాసివ్వాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది: విజయవాడలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌లో చేసి మానేశారు. చివరి రెండు నెలల జీతం ఆపారు. పేస్లిప్పులో ప్రతి నెలా పీఎఫ్ కోశారు గానీ పీఎఫ్ పాస్‌బుక్‌లో కొన్ని నెలలు కనపడటం లేదు. చేరేటప్పుడు తీసుకున్న డిగ్రీ ఒరిజినల్స్ అడిగితే "సెటిల్‌మెంట్ అయ్యాక చూద్దాం" అంటున్నారు.

మీకు ఇదంతా ఒకటే గొడవ. ఆఫీసులకు మాత్రం మూడు. జీతం సంగతి లేబర్ ఆఫీసు చూస్తుంది, పీఎఫ్ సంగతి పీఎఫ్ ఆఫీసు చూస్తుంది, సర్టిఫికెట్లు ఆ రెంటికీ పట్టవు. మూడూ కలిపి, మేనేజరు అన్న మాటలతో సహా నాలుగు పేజీల అర్జీ రాసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తే అది ఎవరో ఒకరి టేబుల్ మీదికి పోతుంది. ఆయన తన పరిధిలోకి వచ్చే ముక్క చూసి, మిగతాది వదిలేసి, ఫైలు మూసేస్తాడు. కాబట్టి మూడు అర్జీలు రాయండి, ఒక్కోటి ఒక్క పేజీ.

పీఎఫ్‌తో మొదలుపెట్టండి. అందులో రుజువు అంతా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, ఓనరు బుకాయించడానికి వీలుండదు. ముందు పేస్లిప్పు మీద ఉన్న యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు) నంబరు, మీ ఫోనులో ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి. పాత కంపెనీలో ఒక యూఏఎన్, ఇక్కడ కొత్తది ఇంకొకటి తెరిచి, డబ్బు రెండోదాంట్లో పడుతున్న కేసులు బోలెడు. నంబరు ఒకటే అయితే పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ సైటులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు. షోరూం పేరు కొడితే ఏ నెల చందా ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో వస్తుంది. ఒక నెల చందా మరుసటి నెల 15లోగా కట్టాలి. నెల మొత్తానికే ఎంట్రీ లేకపోతే అసలు ఎవరికీ కట్టలేదన్నమాట. ఎంట్రీ ఉండి మీకు పడలేదంటే మీ పేరు ఒక్కటే వదిలేశారు. ఈ రెండింట్లో ఏదో అర్జీలో స్పష్టంగా రాయాలి, ఎందుకంటే మొదటిదానికి సంస్థ మీదే ఎంక్వైరీ వేస్తారు, రెండోది ఓనరు పీఎఫ్ ఆఫీసుకు ఇచ్చే రిటర్ను (నెలవారీ లెక్క) సరిచేయించడంతో తేలిపోవచ్చు.

లెక్క కూడా ఒకసారి చూసుకోండి. పీఎఫ్ లెక్కేసే జీతం 15,000 అయితే మీ వాటా 12 శాతం, అంటే 1,800. ఓనరు వాటా కూడా అంతే గానీ పాస్‌బుక్‌లో అది 550, 1,250గా విడిపోయి ఉంటుంది. ఆ 1,250 పెన్షన్ ఖాతాకు పోతుంది. 550 చూసి "నాకు తక్కువ కట్టారు" అని ఫిర్యాదు పెట్టేవాళ్ళు చాలామంది, అది నిలవదు. అదే పేస్లిప్పులో మీ జీతం నుంచి 3,600 కోత కనపడితే మాత్రం వదలొద్దు. ఓనరు తన వాటాను మీ జీతంలోంచి కోయకూడదు.

"మా దగ్గర ఇరవై మంది లేరండీ, పీఎఫ్ మాకు వర్తించదు" అనేది ఇక్కడ అలవాటైన మాట (ఇరవై మంది ఉంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది). బ్రాంచీలన్నీ కలిపి లెక్కేస్తారు, కాంట్రాక్టరు పెట్టిన మనుషుల్నీ లెక్కేస్తారు. ఒకసారి వర్తించాక మనుషులు తగ్గినా వర్తిస్తూనే ఉంటుంది. అయినా మీ దగ్గర కోశాక ఇంకా ఆ మాటేంటి? కోసిన డబ్బు కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసయ్యే విషయం. ఫిర్యాదు ఈపీఎఫ్‌ఓ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో పెట్టండి. కోత కనపడే పేస్లిప్పు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌బుక్ పేజీ జత చేయండి.

ఇక జీతం. జీతాల మీద కేంద్రం తెచ్చిన కొత్త చట్టం వేతన కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం తీసేసినా, మీరే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "సెటిల్‌మెంటుకి 45 రోజులు మా పాలసీ" అని హెచ్‌ఆర్ చెప్పేది జీతానికి చెల్లదు. క్లెయిము వేయడానికి మూడేళ్ళ గడువుంది గానీ, అంతవరకు ఆగితే సాక్ష్యం చెప్పే తోటివాళ్ళు కూడా మానేసి వెళ్ళిపోతారు.

లేబర్ ఆఫీసుకు వెళ్ళేముందు ఓనరుకు ఒక ఉత్తరం పంపండి. చేరిన తేదీ, చివరి పనిరోజు, రావాల్సిన నెలలు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, ఫలానా తేదీలోగా ఫలానా ఖాతాలో వేయమని. కోపం ఒక్క ముక్క కూడా వద్దు. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి డెలివరీ రుజువు కావాలని కౌంటర్లో అడిగి పంపించండి. షోరూం కృష్ణా నది మీది వారధికి ఇవతల, విజయవాడ వైపు ఉంటే ఎన్టీఆర్ జిల్లా లేబర్ అధికారి, మీరు చేసిన బ్రాంచి తాడేపల్లి, మంగళగిరి వైపుంటే గుంటూరు జిల్లా. తప్పు ఆఫీసులో ఇస్తే అర్జీ ఇటూ అటూ తిరుగుతుంది.

మన ఊళ్ళ షాపుల్లో పెద్ద చిక్కు, సగం జీతం బ్యాంకులో, సగం కవర్లో ఇవ్వడం. కవరు డబ్బుకు రుజువు దొరకడం కష్టం. వోచరు మీద సంతకం పెట్టించుకుని ఉంటే దాని ఫోటో, డ్యూటీ వాట్సాప్ గ్రూపులో "శాలరీ తీసుకెళ్ళండి" అన్న మెసేజ్, అదే రోజు మీరు ఖాతాలో వేసుకున్న డబ్బు, ఇలాంటివి తేదీలవారీగా పేర్చండి. గ్రూపులోంచి తీసేయకముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ ఫోను మార్చకండి.

అధికారి ఇద్దర్నీ పిలుస్తాడు. ఓనరు రాడు, మేనేజరు వచ్చి "వచ్చే వారం ఇచ్చేస్తాం సార్" అంటాడు. ఆ మాట తేదీతో సహా కాగితం మీద రాయించండి. చెక్కు ఇస్తే తీసుకోండి. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, వాళ్ళకు 15 రోజులు టైముంటుంది, ఆ తర్వాత కేసు. ఒక నెల జీతం చేతిలో పెట్టి "ఇక నాకు రావాల్సిందేమీ లేదు" అనే కాగితం మీద సంతకం అడిగితే, "ఇంతవరకే ముట్టింది, మిగతాది బాకీ" అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి, ఆ కాగితం ఒక్కటి చాలు మీ కేసు పోవడానికి.

సర్టిఫికెట్లను తాకట్టులా ఉంచుకునే హక్కు ఓనరుకు లేదు. తీసుకున్నట్టు రసీదు ఉందా? లేకపోతే "నా ఒరిజినల్స్ ఎప్పుడిస్తారు సార్" అని వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. "డ్యూస్ క్లియరయ్యాక" అని జవాబొస్తే అదే మీ రసీదు. అది పట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్ళొచ్చు గానీ అక్కడ "సివిల్ మేటరు" అని పంపేయడం మామూలే. నేనైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కోర్టు కేసుకు ముందే రాజీ కుదిర్చే) అర్జీ వేయమంటాను. ఫీజు ఉండదు, వాళ్ళ నోటీసు వెళ్తే చాలాసార్లు సర్టిఫికెట్ల కవరు బయటికొస్తుంది. ఫోను 15100.

ఇంకొకటి, వాళ్ళు పీఎఫ్‌లో మీ ఎగ్జిట్ (ఉద్యోగం మానేసిన) తేదీ వేయకుండా ఆపినా భయపడొద్దు. చివరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు దాటాక యూఏఎన్ పోర్టల్‌లో మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్‌లో మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ మళ్ళీ మార్చడం తలనొప్పి, రాజీనామా లెటరు పక్కన పెట్టుకుని చూసి వేయండి.