లైప్‌జిగ్‌లో సంఘం తోట తీసుకుంటే వేసవి ఎలా గడుస్తుంది?

"లైప్‌జిగ్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఇంటి దగ్గరి తోటల సంఘంలో ఒక తోట ఖాళీ అవుతోంది. ఇద్దరం ఉద్యోగస్తులం, పిల్లలు చిన్నవాళ్లు. తీసుకుంటే వేసవంతా దానికే సరిపోతుందా? సంఘం పనులు తప్పనిసరా? జర్మన్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లని కలుపుకుంటారా?" అని అడిగారు. మేమూ ఇదే ఊళ్లో కొన్నేళ్లుగా క్లైన్‌గార్టెన్, అంటే సంఘం అద్దెకిచ్చే చిన్న తోట, సాగు చేస్తున్నాం కాబట్టి మా అనుభవం చెబుతాను.

తీసుకోండి. కాకపోతే కూరగాయల ఖర్చు కలిసొస్తుందన్న లెక్కతో మాత్రం దిగకండి. జూలైలో సంతకి వెళ్తే బంగాళాదుంపలు, బీన్స్ మనం పండించినదానికన్నా చవగ్గానే దొరుకుతాయి. దక్కేది మనుషులు. ఏళ్ల తరబడి ఈ దేశంలో ఉండి కూడా పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియనివాళ్లు మనలో చాలామంది. తోటలో అలా కుదరదు. కంచె మీంచి మొహాలు కనిపిస్తుంటాయి, అందరికీ ఒకే ఎండ, ఒకే నత్తలు, ఒకే కలుపు. మాట్లాడకుండా ఉండటమే కష్టం.

నియమాలు ముందు చెప్పేస్తాను. 1983లో అమల్లోకి వచ్చిన చట్టమే దేశమంతటికీ వర్తిస్తుంది. తోట 400 చదరపు మీటర్లు మించకూడదు. అందులో ఉండే చిన్న ఇంటిని లౌబె అంటారు, అది వరండాతో కలిపి 24 చదరపు మీటర్లు దాటకూడదు, అందులో కాపురం పెట్టకూడదు. కనీసం మూడోవంతు నేలలో కూరగాయలు, పళ్లు పండించాలని 2004లో ఇక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. కాబట్టి మొత్తం గడ్డి పరిచి కుర్చీలు వేసుకుంటానంటే ఒప్పుకోరు. అద్దె తక్కువే, చట్టమే దానికి పరిమితి పెట్టింది. అసలు ఖర్చంతా మొదట్లోనే. పాతవాళ్లు వదిలివెళ్లే లౌబెకీ చెట్లకీ విలువ కట్టి ఆ మొత్తం మీ దగ్గర తీసుకుంటారు. అది వందల్లో ఉండొచ్చు, వేలల్లోనూ ఉండొచ్చు.

వేసవంతా దానికే సరిపోతుందా అన్నారు. మే 15 దాకా పెద్దగా ఏమీ ఉండదు. ఆ రోజుని ఇక్కడ కాల్టె సోఫీ అంటారు, మంచు భయం అంతటితో పోయినట్టని నమ్మకం. అప్పటిదాకా టమాటా నారు, మిరప నారు కిటికీ దగ్గరే పెంచుకుంటారు. ఆ తర్వాత నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం రెండు రోజులకోసారైనా వెళ్లాల్సిందే, వానలు లేకపోతే రోజూ. 2018 లాంటి ఎండాకాలం వస్తే చెప్పనే అక్కర్లేదు. అయితే ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కదా, ఆఫీసు అయ్యాక ఆరింటికి బయల్దేరినా మూడు గంటలు చేతిలో ఉంటాయి. మా ఇంట్లో వేసవిలో రాత్రి భోజనం చాలావరకు తోటలోనే. ఇంటి దగ్గర అన్నం, పప్పు డబ్బాల్లో పెట్టుకుని సైకిళ్ల మీద వెళ్లిపోతాం. పిల్లలు టీవీ అడగరు. నాకు ఆఫీసు టెన్షన్ దిగిపోయేదీ అక్కడే.

ఇక సంఘం పనులు తప్పనిసరే. ఏడాదికి ఇన్ని గంటలని ఒప్పందంలోనే రాసి ఉంటుంది, చేయకపోతే గంటకింత చొప్పున డబ్బు కట్టాలి. డబ్బు కట్టేసి తప్పించుకునేవాళ్లు ఉన్నారు, మనవాళ్లలో కూడా. దయచేసి ఆ పని చేయకండి. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనవి ఆ గంటలే.

మా దగ్గర శనివారం పొద్దున తొమ్మిదికల్లా సంఘం ఇంటి ముందు చేరతాం. కమిటీలో ఒకాయన జాబితా పట్టుకుని పనులు పంచుతాడు. ఈ నలుగురు దారి పక్క కంచె కత్తిరించాలి, ఈ ముగ్గురు ఆటస్థలంలో బల్లలకి రంగు వేయాలి, మిగతావాళ్లు ఫలానా ఖాళీ తోటలో కలుపు తీయాలి. పక్షులు గూళ్లు పెట్టే కాలమని మార్చి నుంచి సెప్టెంబర్ దాకా కంచెల్ని మొదలంటా నరకడం నిషేధం, పైపైన మాత్రమే కత్తిరించనిస్తారు, అదీ గూడు లేదని చూసుకున్నాకే. ఒక వేసవిలో నాకు ఖాళీ తోట కలుపు వచ్చింది. చూస్తే సగం కలుపు మన కూరాకే! బంగాళాదుంపల మడిలో అడవి తోటకూర మోకాలెత్తున ఉంది, ఇటుకల సందుల్లో గంగవాయిలి ఆకు దళసరిగా, ఎర్రటి కాడలతో నేలకి అంటుకుని పాకింది. అందరూ పీకి కుప్పలో పడేస్తుంటే నేను లేతవి ఏరి సంచిలో వేసుకున్నాను. పక్కన పని చేస్తున్న పెద్దాయన పార ఆపి చూసి, ఇది తింటారా అని అడిగాడు. వచ్చినంత జర్మన్‌లో పప్పు ఎలా వండుతామో చెప్పాను. తర్వాతి శనివారం గంగవాయిలి పప్పు డబ్బాలో తీసుకెళ్తే రొట్టెతో తిన్నాడు. అప్పటి నుంచి తన తోటలో ఆ ఆకు మొలిస్తే పీకడు, గేటు దగ్గర కనపడితే నాకు చెబుతాడు.

పని పన్నెండింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత సాసేజ్‌లు కాలుస్తారు, బీరు, నిమ్మరసం ఉంటాయి. మీరు శాకాహారులైతే ముందే చెప్పండి, చీజ్ కాల్చి పెడతారు. అసలు ముచ్చట్లన్నీ అప్పుడే. మా వరస తోటల్లోని పెద్దవాళ్లు తూర్పు జర్మనీ రోజుల నుంచి అవే తోటల్లో ఉన్నవాళ్లు. అప్పట్లో ఇంట్లోకి పోగా మిగిలిన పళ్లు, కూరగాయలు ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలకి అమ్మేవాళ్లట. దుకాణాల్లో దొరకనివి తోటే ఇచ్చేదని చెబుతారు. ఒక్క పండు నేల మీద కుళ్లినా వాళ్లకి ఎందుకు బాధో ఆ మాటలు విన్నాక నాకు అర్థమైంది.

జూలై వచ్చిందంటే జుకినీల వరద, అవి గుమ్మడి జాతి పొడుగు కాయలు. గేటు దగ్గర, కంచెల మీద "తీసుకెళ్లండి" అని రాసిన డబ్బాలు వెలుస్తాయి. ఒక్క మొక్క చాలు, రెండు పెడితే ఎవరికి పంచాలో తెలియదు. మేం వాటితో బీరకాయ పచ్చడి చేసినట్టే పచ్చడి చేస్తాం, పొట్టుతో సహా. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో దాచిన విత్తనంతో పెంచిన జుకినీ, గుమ్మడి ఒక్కోసారి చేదుగా కాస్తాయి. ఆ చేదు విషం, వండినా పోదు. 2015లో హైడెన్‌హైమ్‌లో ఒక పెద్దాయన తోటలో కాసిన చేదు జుకినీ తిని చనిపోయాడు. దోసకాయ కోసేటప్పుడు మనం చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తాం కదా, జుకినీకీ అదే చేయండి. చేదు తగిలితే ఉమ్మేసి కాయ పారేయండి. విత్తనం ఏటా కొత్త ప్యాకెట్ కొనడం మేలు.

మన పంటల్లో మెంతికూర, తోటకూర బాగా వస్తాయి. కొత్తిమీర మాత్రం జూన్ పొడుగు పగళ్లకి ఆకు వేయకుండానే పూతకొస్తుంది. ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి చల్లుకోండి. గోంగూర బయట నేలలో గిడసబారిపోతుంది. గాజు గదిలోనో ప్లాస్టిక్ పందిరి కిందో పెడితే ఆకు వరకు వస్తుంది. అది లేదని బెంగ పడక్కర్లేదు, ప్రతి పాత తోటలోనూ రూబార్బ్ దుబ్బు ఒకటి ఉంటుంది. దాని కాడలు ముక్కలు చేసి పప్పులో వేస్తే పులుపు అచ్చం గోంగూర దారిలోనే ఉంటుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పచ్చడి కూడా చేసుకోవచ్చు. ఆకులు మాత్రం విషం, కాడలే తినాలి. జూన్ 24 తర్వాత కోయడం మానేస్తారు, దుబ్బు మళ్లీ బలం పుంజుకోవాలని. టమాటాలకి పైన కప్పు తప్పనిసరి. ఆగస్టు వానలకి ఆకు తడిస్తే తెగులు వచ్చి వారంలో మొక్కంతా నల్లబడిపోతుంది.

పిల్లల సంగతి. ఈ తోటల కథ మొదలైందే పిల్లలతో, అదీ మీ ఊళ్లోనే. డాక్టర్ ష్రేబర్ పేరు మీద 1860ల్లో లైప్‌జిగ్‌లో ఒక సంఘం పెట్టి, 1865లో పిల్లలకి ఆటస్థలం తెరిచారు. ఆయన అప్పటికే చనిపోయారు, పెట్టింది హౌషిల్డ్ అనే బడి పెద్ద. తర్వాత గెసెల్ అనే టీచరు ఆ ఆటస్థలం అంచున పిల్లల కోసం మడులు వేయించాడు. పిల్లలకి కొన్నాళ్లకి సరదా తీరిపోయి, మడులు అమ్మానాన్నల చేతికొచ్చాయి. ఆ పాత సంఘం ఇంట్లోనే ఇప్పుడు చిన్న తోటల మ్యూజియం ఉంది, ఒకసారి చూసి రండి. మీ పిల్లలకి ముందే పెద్ద పనులు చెప్పకుండా ఒక మడి వాళ్లకే వదిలేయండి. ముల్లంగి, బఠాణీ త్వరగా వస్తాయి, స్ట్రాబెర్రీలైతే కాపలానే కాయాలి.

గొడవలు ఉండవా అంటే ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా చాలా సంఘాల్లో చప్పుడు చేయకూడదు, ఆదివారమైతే గడ్డి మిషన్ అసలు ముట్టుకోకూడదు. వేసవిలో ఒకరోజు కమిటీవాళ్లు వరసగా తోటలన్నీ చూస్తూ వెళ్తారు, కంచె ఎత్తు కొలుస్తారు, మూడోవంతు నేలలో పంట ఉందో లేదో చూస్తారు. మనకిది కొత్త కాబట్టి మొదట చిరాకు వేస్తుంది. కానీ 24 గంటలూ పాటలు, పొగ లేకుండా ఇంత దగ్గర దగ్గరగా వందమంది హాయిగా ఉంటున్నారంటే ఈ పట్టుదల వల్లే. నేను ఆ నియమాల పక్షమే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కాగితం మీద జవాబు రాయకండి, నేరుగా వెళ్లి మాట్లాడండి. నూటికి తొంభై అక్కడే తేలిపోతాయి.

వేసవి పండగ సాధారణంగా జూలైలోనో ఆగస్టులోనో, ఒక శనివారం. మధ్యాహ్నం కాఫీ, కేకులు. కేకులు ఇంటికొకటి చొప్పున అందరూ తెస్తారు. పిల్లలకి ఆటలు, లాటరీ చీట్లు, చీకటి పడే వేళకి కాగితం లాంతర్లు పట్టుకుని తోటల మధ్య ఊరేగింపు. మేం బజ్జీల బండి పెడతాం. అందరి దగ్గరా మిగిలిన జుకినీలు ముందురోజు పోగేసి, చక్రాల్లా కోసి, శనగపిండిలో వాము, కాస్త కారం వేసి వేడివేడిగా తీస్తుంటే వరస కట్టేస్తారు. డబ్బులు సంఘం డబ్బాలోకే, ఆటస్థలానికి. మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చిన వేసవిలో ఆ మూకుడు ఆవిడ చేతుల్లోనే ఉంది. ఆవిడకి జర్మన్ ఒక్క ముక్క రాదు, పక్క తోట పెద్దావిడకి తెలుగు రాదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఒకే గిన్నెలోకి రెడ్‌కరెంట్ అనే గుత్తుల్లో కాసే చిన్న పుల్లటి పళ్లు ఒలుస్తూ గంటలు గడిపేసేవాళ్లు. పెద్దావిడ ఫోర్క్‌తో గుత్తి దువ్వి పళ్లు ఎలా రాల్చాలో చూపిస్తే, అత్తయ్య పచ్చి గూస్‌బెర్రీలతో ఉసిరికాయ పద్ధతిలో పచ్చడి పట్టి ఒక సీసా ఇచ్చింది. ఆవిడ దాన్ని రొట్టె మీద వెన్నతో కలిపి రాసుకుంటుంది, ఇప్పటికీ ఏటా అడుగుతుంది.

కలుపుకుంటారా అన్న మీ ప్రశ్నకి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. భాష కోసం ఆగకండి. పార పట్టుకున్న చేతికి వ్యాకరణం ఎవరూ అడగరు. మొదట్లో కాస్త ముభావంగా ఉంటారు, నిజమే. రెండు శనివారాలు పనికి వెళ్లండి, మూడోసారి వాళ్లే పిలిచి కాఫీ పోస్తారు.

ఒక్క చోట మాత్రం మనకి చిక్కు: ఇండియా ప్రయాణం. బడి సెలవులని జూలై, ఆగస్టు ఆరు వారాలూ వెళ్లిపోతే సరిగ్గా కాపు మీదున్నప్పుడే తోటని వదిలేసినట్టు. బీన్స్ కోయకుండా వదిలితే ముదిరి, మొక్క కాయడమే మానేస్తుంది. తప్పనిసరై వెళ్తే పక్కవాళ్లకి నీళ్లు పోయమని అప్పజెప్పండి, కాసినవన్నీ కోసుకోమని కూడా చెప్పండి, అది ఇక్కడ మామూలే. వాళ్లు ఊరెళ్లినప్పుడు మీరు పోస్తారు. కుదిరితే ఇండియా ప్రయాణం సంక్రాంతి వైపు మార్చుకోండి. చలికాలం తోటలో నీళ్లు కూడా కట్టేస్తారు, చేసే పనేమీ ఉండదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: గేటు పక్కన అద్దాల బోర్డులో వేసవి పండగ తేదీ ఉంటుంది. ఆ రోజు పిల్లల్ని తీసుకుని వెళ్లండి, బయటివాళ్లు కూడా రావచ్చు. ఖాళీ అవుతున్న ఆ తోటకి రెండు పక్కలా ఉన్నవాళ్లని పలకరించండి. లౌబె పైకప్పు చూడండి. తూర్పు జర్మనీ కాలంలో కట్టినవాటికి ఆస్‌బెస్టాస్ రేకులు ఎక్కువ, వాటిని తీయించడం బాగా ఖర్చుతో కూడిన పని, అది ఎవరి బాధ్యతో అడిగి తెలుసుకోండి. టాయిలెట్ ఎలాంటిది, నీళ్ల మీటరు ఉందా, కరెంటు ఉందా కనుక్కోండి. విలువ కట్టిన కాగితం చేతికొచ్చి, అందులో ఏ చెట్టుకి, ఏ గోడకి ఎంత వేశారో చదివాకే సంతకం పెట్టండి.