జ్వరాల మ్యాపులో చుక్క ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర గూడెం. ఏటా వానలు మొదలయ్యాక మలేరియా తప్పట్లేదు. ఏ ఊళ్లో ఎప్పుడు వస్తుందో మ్యాపు గీసి ముందే చెప్పలేరా అండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: చెప్పొచ్చమ్మా, కానీ చుక్క ఎక్కడ పెడుతున్నామన్నదే అసలు సంగతి. మీ గూడెంలో దోమ కుట్టి, విశాఖలో రక్తపరీక్ష చేయించుకున్న మనిషికి విశాఖలో చుక్క పెడితే ఆ మ్యాపు దేనికీ పనికిరాదు. జ్వరం వచ్చే ముందు రెండు మూడు వారాలు ఆయన రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నాడో అక్కడ పెట్టాలి, పోడు పాకలో పడుకుంటే ఆ పాక దగ్గరే.

ఇక ఎప్పుడన్నది. వాన పడ్డాక గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, రోగి రక్తంతో వెళ్లిన క్రిమి దోమలో ఎదగడానికి మరో పది పన్నెండు (చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ), అది కుట్టిన మనిషికి జ్వరం రావడానికి ఇంకో పది పదిహేను. అంటే నెల పైమాటే! మందు కొట్టడానికీ దోమతెరలు పంచడానికీ మనకున్న టైమ్ అదే.

మన్యంలో మలేరియా దోమ గెడ్డల (వాగుల) అంచున, గడ్డిని ఆనుకుని మెల్లగా పారే నీళ్లలో పెరుగుతుంది, కాబట్టి మ్యాపులో గెడ్డలు కూడా ఉండాలి. డెంగీ అలా కాదు, ఆ దోమ ఇంటి డ్రమ్ముల్లాంటి వాటిలో పుట్టి ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది, దానికి వీధి వీధికీ మ్యాపు కావాలి.

మీ ఆశా కార్యకర్తకి చెప్పండి, పరీక్ష తేదీతో పాటు జ్వరం మొదలైన రోజు కూడా రాసుకోమని.